పట్టూ విడుపూ

“పట్టూ విడుపూ ఉండాలమ్మా” అన్న మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మన తెలుగువాళ్ళలో ఉండదనుకుంటాను. పుట్టింట్లో నాలుగుసార్లు వింటాం, అత్తింట్లో నలభైసార్లు వింటాం, ఆనక కోడలొచ్చాక మనమే అనడం మొదలుపెడతాం. అనడం తేలికే. ఎక్కడ పట్టాలో, ఎక్కడ విడవాలో మాత్రం ఎవరూ చెప్పరు. “ఆమాత్రం తెలియదూ?” అంటారు. తెలిస్తే ఇన్ని ఇళ్ళలో ఇన్ని తగవులెందుకు?

నాకు చాలాకాలంగా ఉన్న సందేహం ఇది. మాట మీద నిలబడే మనిషికి మనం చేతులెత్తి మొక్కుతాం. మొండిమనిషిని చూసి నవ్వుకుంటాం, పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడని. కాని బయటినుంచి చూస్తే ఇద్దరూ ఒకలాగే ఉంటారు కదా! ఇద్దరూ అన్నమాట వెనక్కు తీసుకోరు. ఇద్దరూ కష్టాలు పడతారు. మరి ఒకరిది గుణమూ, ఇంకొకరిది దోషమూ ఎలా అయ్యాయి? గెలిస్తే పట్టుదల, ఓడితే మొండితనం అందామా? అలా అయితే హరిశ్చంద్రుడి కథ చివర దేవతలు రాకపోయి ఉంటే ఆయన్ను మొండివాడనే అనవలసి వచ్చేది. ఆయన సత్యం కోసం అమ్ముడుపోయిన చంద్రమతిని ఎవరైనా అడిగారా అన్నది వేరే సంగతి.

ఇదేదో పొద్దుపోక వేసుకునే ప్రశ్న కాదు. మా దొడ్డమ్మ కూతురు ఒకావిడ ఉంది, నాకు అక్క వరస. ఆవిడ కూతురు ఎనిమిదేళ్ళ కిందట తనకు నచ్చిన అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. రెండేళ్ళపాటు ఆ సంగతి తల్లి దగ్గర దాచింది. తెలిసిన రోజున అక్కయ్య, “నేను బతికుండగా నా గడప తొక్కకు” అంది. అంతే, ఆ మాట ఆ మాటే. ఇద్దరూ ఈ ఊళ్ళోనే ఉన్నారు. రెండిళ్ళకీ మధ్య ఆరేడు కిలోమీటర్ల దూరం. మనవరాలికి ఆరేళ్ళొచ్చాయి, అమ్మమ్మ ముఖం ఫొటోలో తప్ప ఎరగదు. బంధువులంతా “మాటంటే ఆవిడదే మాట” అని గౌరవంగానే చెప్పుకుంటారు. ఏటా ఆవకాయ పెట్టినప్పుడు ఒక చిన్న జాడీ మాత్రం అక్కయ్య విడిగా తీసి అటక మీద పెడుతుంది. ఎవరికీ ఇవ్వదు, ఎవరికీ పంపదు. మళ్ళీ ఏడాది మామిడికాయలొచ్చేదాకా అది అక్కడే ఉంటుంది.

అక్కయ్యది నిలకడా, మొండితనమా? ఈ ప్రశ్నకు నాకు కాస్త వెలుగు కనిపించింది పురాణాల్లో కాదు, మా అపార్టుమెంటు సెల్లారులో, ఒక పాత మోటారు సైకిలు ముందు. నవ్వకండి, చెబుతాను.

మేముండేది హైదరాబాదులో, కొత్తగూడలో. 1998లో పక్కనే సైబర్ టవర్స్ వచ్చింది. దాని వెనకే అద్దాల మేడలు వరుసకట్టాయి. 2023 జనవరిలో చౌరస్తా మీద ఫ్లైఓవరు కూడా తెరిచారు. బొటానికల్ గార్డెన్ చెట్లు తప్ప ఇక్కడ మాకంటే పాతది ఏదీ కంటికానదు. అలాంటి చోట, కొత్తకొత్త కార్ల మధ్య, దుప్పటి కప్పుకుని ఒక జావా బండి ఉంది. అది మా మామగారిది. వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేస్తూ, వరంగల్లు జిల్లా ఊళ్ళన్నీ దాని మీదే తిరిగారు. కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా కావడం దాని ప్రత్యేకత. మా అత్తగారు దాన్ని తన సవతి అనేవారు.

జావా పుట్టిల్లు చెకోస్లొవేకియా. 1929లో యానెచెక్ అనే ఆయన వాండరర్ కంపెనీ బండి నమూనా తీసుకుని మొదలుపెట్టాడట. రెండు పేర్ల మొదటి అక్షరాలూ కలిస్తే జావా అయింది. 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు ఇక్కడే తయారుచేశారు. తరవాత యెజ్డీ అనే పేరుతో వచ్చాయి. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా పేరుతో మళ్ళీ కొత్త బండ్లొచ్చాయి గాని, మా చిన్నాడికి కొత్తది అక్కర్లేదట, తాతగారిదే కావాలట. ఆఫీసులో రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవాడికి చేతులకు గ్రీజు అంటితేగాని నిద్రపట్టదు కాబోలు!

ఇంజను నాలుగు ఆదివారాల్లో పలికింది. అందరం చప్పట్లు కొట్టాం. కాని బండి నడిపితే తిన్నగా పోదు. నెమ్మదిగా పోతున్నప్పుడు తాగినవాడిలా అటూ ఇటూ తూలుతుంది. బ్రేకు వేస్తే ముందువైపు ‘టక్కు’మంటుంది. గుంతలో పడితే గుంత దాటి పది గజాలు పోయినా తలకాయ ఊపుతూనే ఉంటుంది. చివరికి పాత బండ్లు బాగుచేసే పెద్దమనిషిని ఒకాయన్ని పిలిపించారు. ఆయన ముందు చక్రం కింద చెక్కదిమ్మ పెట్టి గాలిలోకి లేపి, హ్యాండిలును రెండు వేళ్ళతో ఇలా ఇలా తిప్పి చూశాడు. సరిగ్గా మధ్యకు రాగానే అది ‘టిక్కు’మని ఆగిపోతోంది, తలుపు గొళ్ళెం పడ్డట్టు.

“అమ్మా, ఈ బండికి సీదా పోవుడు అలవాటయి పోయింది. జర పక్కకు తిరుగుమంటే ఇనది,” అన్నాడాయన.

“సీదాగా పోవడం మంచిదే కదా భాయ్!” అన్నాను.

“సీదా పోవుడు మంచిదే. సీదాలనే ఇరుక్కునుడు మంచిది గాదు.”

ఆ మాటకర్థం బండి విప్పాక తెలిసింది. హ్యాండిలు తిరిగే ఇరుసుకు పైన ఒకటి, కింద ఒకటి ఉక్కు గిన్నెలుంటాయి. వాటిలో ఉక్కు గోళీలు గుండ్రంగా పేర్చి ఉంటాయి. మెకానిక్కులు అంతటినీ కలిపి కోన్ సెట్ అంటారు. ఆ గిన్నె తుడిచి చూపిస్తే లోపల వరుసగా చిన్నచిన్న గుంటలు, ఇడ్లీ రేకు గుంటల్లా, కాకపోతే ఒక్కోటి ఆవగింజంత. ముప్ఫై ఏళ్ళు బండి ఎక్కువగా తిన్నగానే పోయింది. గోళీలు ఎప్పుడూ ఒకేచోట కూర్చున్నాయి. రోడ్డు మీది ప్రతి అదురూ ఆ చోటనే పడింది. గోళీ దొర్లితేనే దాని కిందికి గ్రీజు చేరుతుంది. దొర్లకపోతే ఉన్న గ్రీజు కూడా పక్కకు జరిగిపోతుంది. అలా ఉక్కు మీద ఉక్కు ఒరిసి ఒరిసి ఆ గుంటలు పడ్డాయి. ఇక గోళీ ఆ గుంటలోంచి లేవదు.

ఇలాంటి సొట్టలకు ఇంజనీర్లు పెట్టిన పేరు స్వీడన్ దేశపు బ్రినెల్ అనే ఆయనదట. గట్టి గోళీని లోహం మీద అదిమి, పడిన సొట్టను బట్టి ఆ లోహం ఎంత గట్టిదో కొలిచే పద్ధతిని 1900లో ఆయన లోకానికి చూపించాడు. మా చిన్నాడు ఆ సంగతి చెబుతుంటే నాకు వేరే ఆలోచన వచ్చింది. గుంట పడ్డది వంకరటింకర దారిలో కాదు. సరిగ్గా మధ్యలో, తిన్నటి దారిలో పడింది! తప్పులు చేస్తూ పోయేవాడికి అలవాట్లు అవుతాయని మనకు తెలుసు. ఒప్పులోనే కదలకుండా కూర్చున్నవాడికి కూడా గుంట పడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. “నేనెప్పుడూ న్యాయంగానే ఉన్నాను” అనేవాళ్ళను ఒక్క అంగుళం జరపడం ఎందుకంత కష్టమో ఆ గిన్నె చూస్తే అర్థమైంది.

ఇంకొక వింత చెప్పాడు మావాడు. రెండు చక్రాల బండి నిలబడేది తిన్నగా ఉండడం వల్ల కాదట. ప్రతి క్షణమూ అది ఎటో ఒకవైపు ఒరుగుతూనే ఉంటుంది. ఒరిగిన వైపుకే హ్యాండిలు కాస్త తిరుగుతుంది, చక్రం కిందికొచ్చి బండిని నిలబెడుతుంది. మళ్ళీ అటు ఒరుగుతుంది, మళ్ళీ అటు తిరుగుతుంది. మనకు కనిపించేటంత తిరగదు గనక తిన్నగా పోతోందనుకుంటాం. సైకిలు హ్యాండిలును కదలకుండా బిగించేసి తొక్కమంటే ఎంత నేర్పరైనా నాలుగు గజాలు పోలేక పడిపోతాడు. ఈ తిరుగుడు ఎలా జరుగుతుందో శాస్త్రజ్ఞులు వందేళ్ళకు పైగా తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. 2011లో కూడా అమెరికా, నెదర్లాండ్సు దేశాలవాళ్ళు ఒక చిత్రమైన సైకిలు చేసి, మనిషి లేకుండా దొర్లించి, పాత సిద్ధాంతాలు సరిపోవని చూపించారట. ఎలాగైతేనేం, పడబోయే వైపుకు తిరగగలిగిన బండే నిలుస్తుంది. తిరగలేనిది, ఎంత నిటారుగా మొదలుపెట్టినా పడుతుంది.

తరవాతి రెండు ఆదివారాలూ మా ఇల్లు వర్కుషాపే అయింది. పుత్లీబౌలి వెళ్ళి కొత్త గిన్నెలు, గోళీలు, ఆయిలు సీళ్ళు తెచ్చారు. గోళీలొక్కటే మారిస్తే చాలదా అని మా ఆయన పొదుపు చూపబోతే మెకానిక్ ఒప్పుకోలేదు. పాత గిన్నెలో కొత్త గోళీ వేస్తే అది పోయి పాత గుంటలోనే కూర్చుంటుందట. రాత్రి డబ్బా తీద్దామని ఫ్రీజరు తెరిస్తే, బఠాణీల పక్కన ప్లాస్టిక్ సంచీలో ఉక్కు గిన్నెలు! చల్లబడితే లోహం పిసరంత చిక్కుతుంది గనక, సుత్తి దెబ్బలు ఎక్కువ లేకుండా చోటులో కూర్చుంటాయట. “మీ తాతగారి బండి కోసం నా ఫ్రిజ్జుకి ఈ అప్రతిష్ఠ కూడానా?” అన్నాను గాని, పద్ధతి నాకు నచ్చింది. గట్టివాళ్ళను ఎక్కడైనా ఇమడ్చాలంటే ముందు చల్లబరచాలన్నమాట.

మర్నాడు గిన్నెలో గ్రీజు దట్టంగా పూసి, పాకంలో బూందీ అద్దినట్టు గోళీలు ఒక్కొక్కటే అంటించాడు ఆ పెద్దమనిషి. చివర ఇంకొకటి పట్టేలాగుంది. నేను అందివ్వబోతే వద్దన్నాడు. నిండా కూరితే ఒకదాన్నొకటి ఒరుసుకుని ఏదీ తిరగదట. కాస్త సందు విడవాలట. ఉమ్మడి కుటుంబంలో కాపరం చేసినవాళ్ళకు ఈ సూత్రం విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక ముందు ఫోర్కులు. చక్రానికి అటొక కాలు, ఇటొక కాలు. ఒక గొట్టంలో ఇంకొక గొట్టం జారుతూ ఉంటుంది. లోపల స్ప్రింగూ, నూనే ఉంటాయి. దెబ్బను ఓర్చుకునేది స్ప్రింగే. కాని స్ప్రింగుకు ఒక చెడ్డ గుణముంది. తిన్న దెబ్బను మరిచిపోదు, ఊగుతూనే ఉంటుంది. దాన్ని మరిపించేది నూనె. సన్నటి రంధ్రాల గుండా నెమ్మదిగా పోతూ, ఆ ఊపును మింగేస్తుంది. జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. వాళ్ళు 1935లో ఇలా నూనెతో అణిచే ఫోర్కులను అమ్మకపు బండ్లకు పెట్టారు. మా బండిలో సీళ్ళు ఎండిపోయి నూనె ఎప్పుడో కారిపోయింది. స్ప్రింగులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అందుకే దాటిపోయిన గుంతకు పది గజాలు ఊగింది. ఓర్పున్న మనుషుల్లో కొందరిని చూడండి, ఎంత దెబ్బనైనా ఓరుస్తారు, ఏళ్ళు గడిచినా దాని గురించే ఊగుతుంటారు. వాళ్ళకు లోటు ఓర్పు కాదు, నూనె.

గొట్టాలను గాజు పలక మీద దొర్లించి వంపు లేదని చూసుకుని, కొత్త సీళ్ళు వేసి, రెండు కాళ్ళలోనూ సమంగా కొలిచి నూనె పోశారు. చక్రం ఎక్కించాక మావాడు ఇరుసు బోల్టు బిగించబోతే మెకానిక్ చెయ్యి పట్టుకున్నాడు. ముందు బ్రేకు పట్టి హ్యాండిలును నాలుగుసార్లు కిందికి అదిమి వదలమన్నాడు. అలా ఊగితే రెండు కాళ్ళూ తమ వరస తామే వెతుక్కుంటాయి, అప్పుడు బిగించాలి. ముందే బిగిస్తే ఒక కాలు వంకరగా పట్టుకుని జారడం మానేస్తుందట.

చివరికి అసలు విషయానికొచ్చాం. హ్యాండిలు ఇరుసు మీది నట్టు ఎంత బిగించాలి? నేను అనుకున్నాను, మరీ బిగువూ కాదు, మరీ వదులూ కాదు, నడుమ ఎక్కడో అని. మన ‘పట్టూ విడుపూ’ సామెతకు మనం చెప్పుకునే అర్థం కూడా అదే కదా, సగం పట్టు, సగం విడుపు. కాని ఆయన చేసింది అది కాదు. రెండు పరీక్షలు పెట్టాడు. మొదటిది: ఫోర్కుల అడుగు రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగాడు. వెంట్రుకవాసి కదిలినా ఒప్పుకోలేదు, పానాతో ఇంకాస్త బిగించాడు. రెండోది: హ్యాండిలును మధ్యలో ఉంచి చిటికెనవేలితో తాకాడు. అది తన బరువుకు తానే పక్కకు వాలిపోవాలి. ఎక్కడ ఆగినా ఒప్పుకోలేదు. ఒక పరీక్ష గెలిచి రెండోది ఓడితే పనికిరాదు. రెండూ ఒకేసారి గెలవాలి. అంటే సగం పట్టు కాదు, ఒకవైపు పూర్తి పట్టు, ఇంకొకవైపు పూర్తి విడుపు!

నా సందేహానికి జవాబు అక్కడ దొరికింది. నిలకడకూ మొండితనానికీ తేడా బిగువు ఎంత అన్నదానిలో లేదు. ఎటు అన్నదానిలో ఉంది. బ్రేకు పడినప్పుడు, బరువు మీద పడినప్పుడు, ‘టక్కు’మనకూడని చోటు ఒకటుంది. అక్కడ వదులు ఉన్నవాళ్ళను మనం గోడమీద పిల్లులంటాం, సరిగ్గానే అంటాం. లంచమిస్తే సంతకం మారేవాడు, డబ్బు చూస్తే స్నేహం మారేవాడు, వాళ్ళది సర్దుబాటు గుణం కాదు, అరిగిన గిన్నె. కాని ఎదటి మనిషి వైపు తిరగవలసిన చోటు ఇంకొకటుంది. అక్కడ బిగించినవాడు నిలకడైనవాడు కాడు, పడబోయేవాడు.

భీష్ముణ్ణి తలుచుకోండి. తండ్రి పెళ్ళి కోసం, సత్యవతికి పుట్టబోయే పిల్లల కోసం ఆయన బ్రహ్మచర్య ప్రతిజ్ఞ పట్టాడు. ఆ పిల్లలు సంతానం లేకుండా పోయాక, సాక్షాత్తూ ఆ సత్యవతే వచ్చి, వంశం నిలబెట్టమని, పెళ్ళి చేసుకోమని అడిగింది. ఎవరి కోసం పట్టాడో ఆవిడే విడవమంది! ఆయన విడవలేదు. అదే భీష్ముడు నిండు సభలో ద్రౌపది న్యాయం అడిగినప్పుడు, ధర్మం సూక్ష్మమైనదన్నాడు. తిరగవలసిన చోట బిగిశాడు, బిగియవలసిన చోట ‘టక్కు’మన్నాడు. అంతటివాడికే ఆ నట్టు సరిగ్గా కుదరకపోతే మనమెంత?

ఆ తరవాత ఒకరోజు అక్కయ్య మా ఇంటికొస్తే ఇదంతా చెప్పాను. “నువ్వు పట్టుకోవలసింది ఒకటుంది అక్కయ్యా. నీ కూతురు రెండేళ్ళు నీ దగ్గర అబద్ధమాడింది. అది తప్పే. ఆ మాట నువ్వు వెనక్కు తీసుకోనక్కర్లేదు, దాని ముఖాన్నే చెప్పు. కాని గడప తొక్కొద్దన్నది నీ నియమం కాదు, ఆ పూట నీ కోపం. ఆరేళ్ళుగా నువ్వు కాపాడుతున్నది సత్యాన్నా, ఒక పూట కోపాన్నా?” అన్నాను.

అక్కయ్య కాఫీ చల్లారేదాకా మాట్లాడలేదు. తరవాత, “మోటారు సైకిలుకు మనసుండదే. గిన్నె మారిస్తే సరిపోతుంది. నేనెక్కడ మార్చుకోను?” అంది.

ఆవిడ అన్నదానిలో నిజముంది. మనసులో పడ్డ గుంటకు పుత్లీబౌలిలో స్పేరు దొరకదు. బండి నట్టు బిగించడానికీ వదలడానికీ వేరొకరుంటారు, మన పానా మన చేతిలోనే ఉంటుంది. అదే మన కష్టం. కాని బండికి లేని వసతి కూడా మనకొకటుంది. బండి తనంతట తాను వేలు పెట్టి చూసుకోలేదు, మనం చూసుకోగలం. కొత్త గిన్నెలు వేసిన బండినైనా కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఆ రెండు పరీక్షలూ పెట్టాలట. అవి కుదురుకునేసరికి నట్టు కాస్త వదులవుతుంది. ఒకసారి బిగించి ఊరుకునే పని కాదది.

కనుక ఈసారి ఎవరైనా మీతో “పట్టూ విడుపూ ఉండాలమ్మా” అంటే, సరేనని తలూపకండి. “ఎటు పట్టు, ఎటు విడుపు?” అని అడగండి. వాళ్ళకు తెలియకపోతే మీరే చూసుకోండి. మీరు విడవనంటున్న ఆ మాటను ముందుకూ వెనక్కూ లాగి చూడండి. దాని కోసం నష్టపడ్డా కదలకుండా నిలుస్తోందా? నిలిస్తే మంచిది. తరవాత చిటికెనవేలితో తాకి చూడండి. అవతలివాళ్ళు పడిపోతుంటే, వాళ్ళవైపు కాస్తయినా తిరుగుతోందా? మొదటి పరీక్ష మనమంతా సులువుగానే గెలుస్తాం. రెండోదాని దగ్గరే ఆ ‘టిక్కు’ వినిపిస్తుంది, బాగా చెవి పెట్టి వినాలి సుమా!